నూట పది మైళ్లు

మంగళవారం పొద్దున ఏడు గంటలకి, కారు ఉండాల్సిన షెడ్డులో, నలభై మూడేళ్ల మనిషి ఒకడు భుజాల మీద ఇనుపకడ్డీ పెట్టుకుని, సగం కిందికి కూర్చుని, ఇక లేవడమా మానడమా అన్న మీమాంసలో ఉన్నాడు.

"లేవండి సార్," అంది బస్కీల మేడం.

"లేస్తున్నా."

"లేస్తున్నా అని చెప్పే ఊపిరి ఉంటే, లేచే ఊపిరీ ఉన్నట్టే."

పళ్లు కొరుక్కుంటూ లేచాడు. కడ్డీని స్టాండు మీదికి తోసి గోడకి చేరబడి రొప్పాడు. ఇరవై ఏళ్లుగా ఊరూరా జరిగే పోటీల్లో, అంటే టూర్ మీద, గోల్ఫ్ ఆడి బతుకుతున్న మనిషి. టూర్‌లో అందరూ ఆయన్ని స్కేలు అంటారు, బంతిని గీత గీసినట్టు నేరుగా పంపుతాడని. పోయిన ఏడాది బంతిని పక్క పొదల్లోకి పోనీకుండా కొట్టినవాళ్ల జాబితాలో మొదటి పేరు ఆయనదే. అలాంటివాణ్ణి పట్టుకుని ఈ కూర్చోడాలూ లేవడాలూ ఏమిటయ్యా అంటే, దానికి కారణం ఒక అంకె. నూట పది.

క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర, దాని తల బంతికి తగిలే క్షణంలో గంటకి ఎన్ని మైళ్ల వేగంతో కదులుతోందో చెప్పే పెట్టె ఒకటుంది. చూడ్డానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది గానీ దాని పెత్తనం ఇంతా అంతా కాదు. ఆయనకి క్లబ్బులిచ్చి, ఖర్చులిచ్చి టూర్ తిప్పుతున్న కంపెనీవాళ్లు, వచ్చే ఏడాదికి నూట పది దాటినవాళ్లనే ఉంచుకుంటామని ఉత్తరం రాశారు. పరీక్ష శుక్రవారం పది గంటలకి. ఉత్తరం వచ్చిననాటికి ఆయన వేగం నూట మూడు. కంపెనీ వదిలేస్తే టూర్ లేదు. టూర్ లేకపోతే ఆయనకి చేతనైన పని ఈ భూమ్మీద ఇంకోటి లేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా బావమరిదే రావాలి.

ఉండబట్టలేక ఫోన్ చేసి అడిగాడు కూడా. "మీరు నేరుగా కొడతారని మాకు తెలీదా సార్?" అన్నాడు కంపెనీ ఆయన, ఎంతో మర్యాదగా. "కానీ నేరుగా కొట్టడం పోస్టరు మీద కనబడదండీ."

అప్పుడు పట్టుకొచ్చారు ఈ మేడాన్ని. ఒకప్పుడు ఆటల పోటీల్లో డిస్కస్ విసిరేది. గోల్ఫ్ ఎప్పుడూ చూడలేదు, చూడాలన్న కోరికా లేదు. "మనిషి చేసే పనులు రెండే సార్, కూర్చోడం, లేవడం. మీకు మొదటిది బాగా వచ్చు," అని వచ్చిన రోజే తేల్చేసింది. బస్కీల మేడం అని పేరు పెట్టింది స్కేలు భార్య. పేరు పెట్టిందే గానీ ఆవిడ ఎప్పుడూ మేడం పక్షమే.

షెడ్డులో ఇంకో మనిషి ఉన్నాడు. ఆ భార్యకి తమ్ముడు, స్కేలుకి బావమరిది, తొమ్మిదేళ్లుగా టూర్‌లో ఆయన క్లబ్బుల సంచి మోస్తున్నవాడు. ఈ మూడు వారాల్లో స్కేలుకి ఒక అలవాటు పట్టుకుంది. మేడం ఏ కసరత్తు చెప్పినా "ముందు నువ్వు చెయ్యరా, చూస్తాను," అంటాడు. నడుం పట్టేసేదుంటే ముందు బావమరిదికి పట్టెయ్యాలన్నది ఆలోచన. వాడు చేసి చూపిస్తాడు. "సరిగ్గా చూళ్లేదు, మళ్లీ చెయ్యి," అంటాడు. వాడు మళ్లీ చేస్తాడు. అంతసేపూ ఈయనకి విశ్రాంతి. మేడం ఈ నాటకం మొదటి వారంలోనే కనిపెట్టింది. నోటుపుస్తకంలో ఇంకో గడి గీసుకుని, వాడు చేసినవి కూడా రాసుకోవడం మొదలుపెట్టింది.

బస్కీలయ్యాక బరువు బంతిని నడుం తిప్పి గోడకేసి కొట్టడం. అదయ్యాక సన్న కర్రని బంతి లేకుండా, గాలి కుయ్యిమనేట్టు తిప్పడం. అన్నీ బావమరిది రెండుసార్లు, బావ ఒకసారి. చివర్న వల ముందు అసలు బంతి పెట్టి కొట్టాడు స్కేలు. బావమరిది వంగి పెట్టెలోకి చూశాడు.

"నూట ఎనిమిది బావా!"

"నిజంగానా? ఏదీ, నన్ను చూడనీ!"

నూట ఎనిమిదే. ఆ సంతోషంలో మేడానికి దణ్ణం పెట్టబోయి, పరువు గుర్తొచ్చి తల గోక్కున్నాడు.

"బాగుంది," అంది మేడం విజిలు జేబులో వేసుకుంటూ. "రేపట్నుంచి శుక్రవారం దాకా సెలవు. బరువు ముట్టుకోవద్దు. కర్ర తిప్పొద్దు. తినండి, పడుకోండి. ఇద్దరూ."

"సెలవేంటండీ? ఇంకా రెండు మైళ్లు తక్కువుంటేనూ!"

"ఆ రెండూ పడుకుంటే వస్తాయి. బరువెత్తినప్పుడు కండ అలిసిపోతుంది, అంతే సార్. బలం వచ్చేది పడుకున్నప్పుడే."

స్కేలు తలూపాడు. ఊపాడే గానీ ఒక్క ముక్క నమ్మలేదు. ఇరవై ఏళ్ల వృత్తిలో ఆయనకి తెలిసిన మందు ఒకటే. బంతి కుడికి పోతోందా, మూడొందల బంతులు కొట్టు. ఎడమకి పోతోందా, మూడొందలు కొట్టు. జ్వరంగా ఉందా, నూట యాభైతో ఆపు. అంతేగానీ పడుకుంటే ఆట బాగుపడిందని ఏ ఆటగాడూ చెప్పగా ఆయన వినలేదు. మూడు వారాలు పని చేస్తే ఐదు మైళ్లు పెరిగింది. పని చేస్తే పెరిగేది, పని మానేస్తే ఎలా పెరుగుతుంది? ఆ రాత్రంతా ఇదే లెక్క.

బుధవారం తొమ్మిదింటికి భార్య కళ్లజోళ్ల షాపుకి డ్యూటీకి వెళ్లింది. తొమ్మిదీ పదికి స్కేలు షెడ్డు షట్టరు సగం దించాడు. బావమరిది బోర్లించిన బకెట్ మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"బావా, మేడం వద్దంది."

"మేడం డిస్కస్ విసిరింది. గోల్ఫ్ ఆడలేదు."

"వద్దన్నది బస్కీలు కదా, గోల్ఫ్ కాదుగా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. లే, ముందు నువ్వు చేసి చూపించు."

"నేను చెయ్యను. నన్నూ పడుకోమంది."

తొమ్మిదేళ్లలో బావమరిది కాదనడం అదే మొదటిసారి. స్కేలు ఒక్క క్షణం వాడి వంక చూశాడు గానీ, ఆశ్చర్యపోవడానికి కూడా టైము లేదు. కడ్డీ భుజాన వేసుకున్నాడు.

"అక్కకి చెప్పావో, చంపేస్తాను."

"నేనెందుకు చెప్తాను? నీ కాళ్లే చెప్తాయి."

మధ్యాహ్నానికి అరవై బస్కీలు. టీ తాగి ఇంకో అరవై. గురువారం మళ్లీ అంతే. మధ్యమధ్య కర్ర తిప్పాడు, బరువు బంతిని గోడకేసి కొట్టాడు. పెట్టె మాత్రం తెరవలేదు. శుక్రవారమే చూసుకుందాం, ఆ ఆనందం ముందే ఎందుకు పాడుచేసుకోవడం అనుకున్నాడు. బావమరిది రెండు రోజులూ తిన్నాడు, పడుకున్నాడు, లేచి మళ్లీ తిన్నాడు. వాణ్ణి చూస్తే స్కేలుకి ఒళ్లు మండింది. తన బతుకు నిప్పుల మీద ఉంటే వీడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు!

శుక్రవారం పొద్దున బాత్రూంలోంచి పిలుపు వినబడింది.

"ఒరేయ్."

"ఏంటి బావా?"

"లోపలికి రా. ఒక్కసారి."

"అక్కని పిలవనా?"

"పిలిచావంటే ఊరుకోను. మొహం అటు తిప్పుకుని చెయ్యి ఇవ్వు. లేవలేకపోతున్నాను."

బావమరిది మొహం అటు తిప్పుకునే లాగాడు. భుజాలు అదురుతున్నాయి.

"నవ్వకు."

"నవ్వట్లేదు బావా. బరువుగా ఉన్నావు."

కంపెనీ పరీక్షలు చేసే చోటుకి పన్నెండు మెట్లు దిగాలి. పైన రేకుల కప్పు, కింద ఆకుపచ్చ చాప, ముందంతా మైదానం. గజాలు రాసిన బోర్డులు దూరదూరంగా పాతి ఉన్నాయి. స్కేలు ఆ మెట్లని కమ్మీ రెండు చేతులా పట్టుకుని, పక్కవాటుగా, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగాడు. కింద మేడం నిలబడి ఉంది. ఆవిడ ఆయన మొహం చూడలేదు, మోకాళ్లు చూసింది.

"ఎన్ని?"

"ఏంటి ఎన్ని?"

"బస్కీలు."

"...నూట ఇరవై."

"రెండు రోజులకీ కలిపా?"

"రోజుకి."

మేడం పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడు వారాల్లో ఆవిడ కూర్చోగా ఎవరూ చూడలేదు.

కంపెనీ ఆయన చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు. "మూడు బంతులు సార్. మూడింటి సగటు చూస్తాం. మీ ఇష్టం వచ్చినంత సేపు తీసుకోండి." చాప చివర్న స్టూలు మీద, పెట్టె పక్కన, తల నెరిసిన టెక్నీషియను ఒకాయన కూర్చుని ఉన్నాడు, మొహం మీద ఏ భావమూ లేకుండా.

స్కేలు బంతి ముందు నిలబడ్డాడు. ఎన్ని వేలసార్లు నిలబడ్డాడో అలాగే. క్లబ్బు పైకి వెళ్లింది. కిందికి వచ్చేటప్పుడు తొడలు తోయాలి. తొడలు ఆ మాట విననట్టే ఊరుకున్నాయి. బంతి మాత్రం గీత గీసినట్టు వెళ్లి నడిమధ్యన పడింది.

"నూట ఒకటి," అన్నాడు టెక్నీషియను.

రెండోది నూట రెండు. మూడోదానికి ఆయన కళ్లు మూసుకుని, ఉన్న పళ్లన్నీ బిగించి కొట్టాడు. నూట ఒకటి. మూడూ ఒకే చోట పడ్డాయి, దుప్పటి పరిస్తే ఒక్కదాని కింద దాక్కునేంత దగ్గరగా. అటు ఎవరూ చూడలేదు.

స్కేలు చెవులు వేడెక్కాయి. అంతా అయిపోయిందని కాళ్లకి తెలుసు, చేతులకి తెలుసు. నోటికే తెలియలేదు.

"మీ మెషీన్ తప్పు," అంది నోరు.

"పొద్దున్నే సరిచూశాం సార్."

"సరిచూస్తే ఇలా ఉంటుందా? మొన్న మా ఇంట్లో నూట ఎనిమిది కొట్టాను! ఇదిగో, వీడున్నాడు. వీడి చేత కొట్టించండి. వీడి సంగతి నాకు తెలుసు, చచ్చీ చెడీ తొంభై ఐదు దాటడు. వందకి పైన చూపించిందా, మీ పెట్టె పాడైనట్టే లెక్క."

"నేనెందుకు బావా," అన్నాడు బావమరిది సంచి వెనక్కి జరిగి.

"కొట్టరా అంటే!"

బావమరిది బావ చేతిలో క్లబ్బు తీసుకున్నాడు. అలవాటు కొద్దీ ముందు దాని మొహం తువ్వాలుతో తుడిచాడు. చేతులు ప్యాంటుకి రాసుకున్నాడు. ఎవరి వంకా చూడకుండా, తొందరగా అయిపోతే బాగుండునన్నట్టు కొట్టాడు. చప్పుడు వేరేగా వచ్చింది. బంతి కుడివైపు వంపు తిరిగి, బోర్డులు దాటి, కంచె దాటి, అవతల ఎక్కడో రేకు మీద పడిన చప్పుడైంది.

టెక్నీషియను కళ్లజోడు సర్దుకున్నాడు. "నూట పదిహేడు."

"చూశారా!" స్కేలు గంతెయ్యబోయి, కాళ్లు ఒప్పుకోక చేతులు మాత్రం ఎగరేశాడు. "చెప్పానా లేదా! వీడేంటి, నూట పదిహేడేంటి! మార్చండి. పెట్టె మార్చండి! ఎంతమంది పొట్ట కొట్టిందో ఏమో ఇది!"

కంపెనీ ఆయన మొహం మాడింది. లోపల్నించి ఇంకో పెట్టె తెప్పించాడు. కొత్తది, అట్టపెట్టె కూడా విప్పనిది. రెండింటినీ పక్కపక్కన పెట్టించి, బావమరిదినే మళ్లీ కొట్టమన్నాడు. స్కేలు చేతులు కట్టుకుని, గెలిచినవాడి మొహంతో నిలబడ్డాడు. బావమరిది ఇంకో బంతి కంచె దాటించాడు.

టెక్నీషియను ఒక పెట్టెలోకి చూశాడు. రెండోదాంట్లోకి చూశాడు. "నూట పద్దెనిమిది," అన్నాడు. కాస్త ఆగి, "రెండింట్లోనూ," అన్నాడు.

స్కేలు చేతులు కట్టుకునే ఉన్నాడు గానీ, ఇప్పుడు వాటిని విప్పి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇందులో వింతేం లేదు," అంది మేడం కుర్చీలోంచి, నోటుపుస్తకం తెరిచి. "మూడు వారాలు నేను చెప్పింది చెప్పినట్టు చేసినవాడు ఈ అబ్బాయే. అదీ రెండేసిసార్లు. రెండు రోజులు పడుకోమంటే పడుకున్నదీ ఇతనే."

కంపెనీ ఆయన బావమరిది వైపు మొదటిసారి తిరిగి చూశాడు. తొమ్మిదేళ్లలో వందసార్లు ఎదురుపడ్డాడు గానీ, చూడ్డం మాత్రం మొదటిసారి.

"మీ వయసెంత?"

"ముప్పై ఒకటి సార్."

"ఏ టూర్‌లో ఆడుతున్నారు?"

"ఆడను సార్. మోస్తాను."

"సోమవారం ఒకసారి రండి. మాకు ఒక చోటు ఖాళీ అయింది," అన్నాడు కంపెనీ ఆయన. ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పనక్కర్లేదు. "బంతి ఎటు పోతుందన్నది కూడా కొంచెం చూడాలనుకోండి."

ఆ పన్నెండు మెట్లూ స్కేలు ఎలా ఎక్కాడో చెప్పకపోవడమే మర్యాద.

కారు బావమరిది నడిపాడు. సగం దూరం వచ్చాక అన్నాడు.

"నేను సోమవారం వెళ్లను బావా."

"ఎందుకు వెళ్లవు?"

"నీకు కోపం."

"కోపమే. నరాలు తెగిపోతున్నాయి. రేపటికీ తగ్గదు. అయినా వెళ్లు."

"నాకు నేరుగా కొట్టడం రాదు."

"అది నేను చూశాను." స్కేలు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆడాలని ఉందని నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదుగా."

"అడిగుంటే చెప్పేవాడివా?"

బావమరిది గేరు మార్చాడు. "చెప్పేవాణ్ణి కాదు."

ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే అడిగింది. "ఏమండీ, ఏమైంది?"

"పోయింది."

ఆవిడ కళ్లు నిండిపోయాయి. భర్త చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది. ఇరవై ఏళ్లు ఇంత బాగా ఆడిన మనిషిని ఒక డబ్బాలో అంకె చూసి పొమ్మంటారా, వాళ్లకి కళ్లున్నాయా, ఉంటే వాళ్లకి సరైన జోడు నేనిస్తాను రమ్మనండి అని కంపెనీ ఆయన్ని మూడు తరాలతో సహా తిట్టింది. తిట్టి అలిసి, తమ్ముడి వంక చూసింది.

"వీడేంటి, దొంగలా నిలబడ్డాడు?"

"వాడిది నూట పద్దెనిమిది," అన్నాడు స్కేలు. "సోమవారం రమ్మన్నారు."

ఆవిడ చేతిలో ఉన్న తువ్వాలుతో మొహం కప్పుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"నవ్వు, ఫరవాలేదు," అన్నాడు స్కేలు.

"నవ్వట్లేదండీ. ఏడుస్తున్నాను."

"రెండూ చేస్తున్నావు. కనబడుతోంది."

ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. తన చోటు పోయినందుకు సగం, అది పోయి ఎవరి ఒళ్లో పడిందో అందుకు సగం. బయటివాడెవడో పట్టుకుపోతే హాయిగా తిట్టుకునేవాడు. తొమ్మిదేళ్లుగా ఎండలో వానలో తన వెనకాల నడిచినవాణ్ణి ఏమని తిట్టాలి? అసలు ఆ పెట్టె ముందుకి వాణ్ణి తోసింది ఎవరు? తనే. తన నోరే. ఆ నోటికి ఆ సాయంత్రం భోజనం సహించలేదు.

శనివారం పొద్దున ఆరింటికి బావమరిది గది తలుపు చప్పుడైంది.

"లే. సోమవారానికి రెండు రోజులే ఉన్నాయి."

"మేడం పడుకోమంటుందేమో బావా."

"మేడం బస్కీలకి. బంతి నాది."

స్కేలు రోజూ ఆడే మైదానానికి ఇంకా ఎవరూ రాలేదు. గడ్డి తడిగా ఉంది. స్కేలు మడతకుర్చీ ఒకటి వేయించుకుని, బావమరిది వెనకాల రెండు గజాల దూరంలో కూర్చున్నాడు. మొదటి పది బంతులు ఒక్క మాట మాట్లాడలేదు. పదీ కుడికే పోయాయి. కోపం ఇంకా అలాగే ఉంది. ఒక్కో బంతి పక్కకి పోయినప్పుడు లోపల ఎక్కడో చల్లగా కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. పదకొండోది పోయాక మాత్రం ఆయన ఉండలేకపోయాడు. చెడ్డ షాట్ చూస్తే ఆయనకి, వంకరగా తగిలించిన పటం చూసినవాడిలా చేతులు ఊరుకోవు.

"ఎడంచెయ్యి కుడికి తిప్పు. ఇంకొంచెం. పైనుంచి చూస్తే రెండు మెటికలు కనబడాలి నీకు. ఎన్ని కనబడుతున్నాయి?"

"రెండు."

"అబద్ధం. ఒకటే."

"రెండు బావా, ఇదిగో!"

"సరే, కొట్టు. గట్టిగా పట్టుకోకు, అదేం పారిపోదు. మెల్లగా పైకి తీసుకెళ్లు. ఆ తర్వాత నీ ఇష్టం."

ఇది కుడికి పోయింది గానీ తక్కువ పోయింది. తర్వాతది ఇంకా తక్కువ. ఇరవై బంతులు, ముప్పై, నలభై. స్కేలు అరిచాడు, తిట్టాడు, కుర్చీలోంచే క్లబ్బు కొసతో వాడి మడమ పక్కకి జరిపాడు. భుజం ముందుగా తిరిగిపోతోందన్నాడు. తల లేస్తోందన్నాడు. ఇరవై ఏళ్లలో తను ఎవరికీ చెప్పని సంగతులు, అసలు తనకి తెలుసని కూడా తెలియనివి, ఒకటొకటే బయటికొచ్చాయి. ఎండెక్కింది. బావమరిది చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

అరవయ్యోదో, అరవై ఒకటోదో. బావమరిది ఏమీ తేడాగా చెయ్యలేదు. క్లబ్బు వెళ్లింది, వచ్చింది. బంతి నేరుగా లేచింది. లేచి, నేరుగానే వెళ్తూ, మొదటి బోర్డు దాటి, రెండో బోర్డు దాటి, మైదానం చివర్న మూడొందల గజాలు అని రాసి ఉన్న బోర్డుని కూడా దాటి గడ్డిలో పడింది. ఆ బోర్డు అవతల గడ్డి ఎలా ఉంటుందో స్కేలు బంతికి ఈ జన్మలో తెలియదు.

బావమరిది క్లబ్బు దించి బంతి పడ్డ వైపే చూస్తున్నాడు. వెనక్కి తిరగడానికి భయపడుతున్నట్టుంది.

"ఎలా ఉందిరా?" అన్నాడు స్కేలు.

"ఏమీ తెలీలేదు బావా. తగిలిందా లేదా అన్నట్టుంది."

"అంతే. అలాగే ఉంటుంది."

"నీకూ అలాగే ఉండేదా?"

"ఇప్పటికీ అలాగే ఉంటుందిరా," అన్నాడు స్కేలు. "నలభై గజాలు ఇవతల పడుతుంది, అంతే. ఇంకోటి పెట్టు."